పల్లె పనిముట్లే ప్రయోగశాల

ధాన్యపు బస్తాను బండి కెక్కించుటకు పలకను వాలుగా ఆనించుట, గునపముతో బండను కదలించుట, గిలకపై చేదను లాగుట మన గ్రామములలో తరతరములుగా నెరిగిన పనులే. బోరుబావులు వచ్చిన పిమ్మట ఏతము కనుమరుగైనను, గునపము, గొడ్డలి, పలక ఇప్పటికిని పల్లెలలో కలవు. శాస్త్రజ్ఞులు సరళ యంత్రములని చెప్పునవి ఇవియే. పాఠ్యగ్రంథములు వీనిని ఆరు విధములుగా విభజించును. ఆ పేర్లను కంఠస్థము చేసిన బాలునకు తన యింటి గునపమే తులాదండమని తెలియకపోయినచో ఆ చదువు వలన ప్రయోజనమేమి?

పిల్లలు కృత్యముల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకొనవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము 29వ సెక్షన్ చెప్పుచున్నది. ఇందుకు విలువైన పరికరము లక్కరలేదు. ఈ క్రింది మూడు ప్రయోగములు ఏ పాఠశాలలోనైనను చేయవచ్చును.

మొదటిది: 30 సెంటీమీటర్ల కొలబద్దను సరిగా మధ్యభాగమున ఒక పెన్సిలుపై నిలుపవలెను. ఒక వైపున ఆధారమునకు 5 సెంటీమీటర్ల దూరమున రెండు రూపాయి నాణెములను, రెండవ వైపున 10 సెంటీమీటర్ల దూరమున అట్టి నాణెము నొకదానిని ఉంచినచో బద్ద సమముగా నిలుచును. దూరము రెట్టింపైనచో సగము బరువే చాలునని పిల్లలు కన్నులార చూతురు. గునపము పనిచేయు రహస్య మిదియే.

రెండవది: బొమ్మబండికి రబ్బరు బ్యాండు కట్టి, మొదట నిటారుగా పైకెత్తి, పిదప వాలు పలకపై లాగి, రెండు మారులును బ్యాండు ఎంత సాగినదో కొలువవలెను. పలకపై లాగినపుడు అది తక్కువ సాగును. కాని అంతే ఎత్తునకు చేరుటకు బండి ఎక్కువ దూరము నడువవలసియుండును.

మూడవది: ఇద్దరు పెద్ద పిల్లలు నున్నని రోకళ్ళను ఒక్కొక్కటి పట్టుకొని ఎదురెదురుగా నిలువవలెను. త్రాడు కొనను ఒక రోకలికి ముడివేసి, రెంటి చుట్టును నాలుగైదు మారులు త్రిప్పి, రెండవ కొనను చిన్న పిల్ల కీయవలెను. ఆ పిల్ల మెల్లగా లాగినను పెద్దవారి రోకళ్ళు దగ్గరకు వచ్చును. గిలకల కూర్పు చేయు మేలు ఇట్టిది. చేతివ్రేళ్ళు నలుగకుండ ఉపాధ్యాయులు దగ్గరనుండి చూడవలెను.

మూడింటి సారాంశ మొక్కటే: యంత్రము పనిని తగ్గించదు. బలమును తగ్గించి, అందుకు బదులుగా దూరమును పెంచును. స్వయముగా లాగి చూచిన పిల్లవాడు ఈ సత్యమును మరువడు.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన 11వ షెడ్యూలునందు ప్రాథమిక, మాధ్యమిక విద్యయు పంచాయతీల కప్పగింపదగిన విషయములలో నున్నది. కావున పంచాయతీ సభ్యులు ప్రధానోపాధ్యాయునితో సంప్రదించి, నెలకొక పూట ఇట్టి ప్రయోగములకు ఏర్పాటు చేయింపవచ్చును. ఒక పలక, ఒక త్రాడు, ఒక గిలక సమకూర్చిన చాలును. గ్రామములోని వడ్రంగిని, కమ్మరిని ఆ పూట బడికి ఆహ్వానించినచో, వారి పనితనమునకు గౌరవమును, పిల్లలకు విజ్ఞానమును ఒకేమారు లభించును. బాలురతోపాటు బాలికలకును పనిముట్లు పట్టు అవకాశ మీయవలెను. రేపటి పనిమంతులు నేడు మన బడులలోనే యున్నారు.