హలో... ఉద్యోగం మాట్లాడుతున్నా!

ఒకప్పుడు ఉద్యోగం వెతుక్కుంటూ మనం బస్సెక్కేవాళ్లం. ఇప్పుడు ఉద్యోగమే మన ఫోన్లోకి వచ్చి పలకరిస్తోంది. అలా పలకరించిందల్లా ఉద్యోగమేనా?

రాత్రి పదిన్నర. నెల్లూరు జిల్లా ఆత్మకూరులో బీటెక్ పూర్తిచేసిన పిల్లాడున్న ఏ ఇల్లయినా తీసుకోండి. అబ్బాయి ఫోన్లోంచి తల ఎత్తడు. తండ్రికి ఒళ్లు మండుతుంది.

'ఏంది నాయనా, ఎప్పుడు చూసినా ఆ ఫోను? ఉద్యోగం వెతుక్కునేదేమన్నా ఉందా లేదా?'

'అదే వెతుకుతున్నా నాన్నా!'

నమ్మబుద్ధి కాదు కానీ, అబద్ధమేమీ కాదది. సాఫ్ట్‌వేర్ కంపెనీల హెచ్ఆర్‌ వాళ్లు మనుషుల్ని వెతికేది ఇప్పుడు అక్కడే మరి.

ఇరవై ఏళ్ల కిందట సంగతి వేరు. బుధవారం వచ్చే ఇంగ్లిషు పేపరులో వాక్-ఇన్ ప్రకటన చూడాలి. సంగం, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా యాభై కిలోమీటర్ల పైచిలుకు బస్సులో నెల్లూరు చేరాలి. అక్కణ్నుంచి రాత్రి రైలుకి హైదరాబాదో చెన్నయో. అమీర్‌పేట హాస్టల్లో ఓ మంచం, మైత్రీవనం దగ్గర జావా కోర్సు, చేతిలో నలిగిపోయిన రెజ్యూమె కట్ట. అక్కడ ఉంటేనే కంపెనీల కంట్లో పడతాం అన్నది లెక్క. ఆత్మకూరు ఎమ్మెల్యే మేకపాటి గౌతమ్‌రెడ్డి 2019 నుంచి, 2022 ఫిబ్రవరిలో కన్నుమూసేవరకూ రాష్ట్ర ఐటీ శాఖ మంత్రిగా ఉన్నారు. అయినా సాఫ్ట్‌వేర్ కొలువు కావాలంటే ఊరి పిల్లలకి బస్సు తప్పలేదు.

ఆ లెక్కని మార్చింది సోషల్ మీడియా. ఆర్కుట్ 2004లో వచ్చి, కుర్రకారుని ఓ ఊపు ఊపి, 2014లో మూతపడింది. దానికన్నా ముందే, 2003 మేలో మొదలైన లింక్డిన్ మాత్రం నిలబడింది. స్నేహితుల కబుర్లు కాదు, అక్కడ అంతా ఉద్యోగాల గోలే. మన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ 2016లో దాన్ని 2,620 కోట్ల డాలర్లకు కొనేసింది.

వాళ్లెలా వెతుకుతారు?

హెచ్ఆర్‌ ఉద్యోగి పొద్దున్నే కూర్చుని ఎవరి ఫొటో బాగుందా అని చూడరు. పెళ్లిళ్ల పేరయ్య కులం, నక్షత్రం, ఎత్తు, చదువు అడిగినట్టే... 'జావా, స్ప్రింగ్ బూట్, రెండేళ్ల అనుభవం, హైదరాబాద్' అని కొడతారు. ఆ మాటలు ఎవరి ప్రొఫైల్లో ఉంటే వాళ్ల పేర్లు వస్తాయి. మనవాడు పేరు కింద 'ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను' అని రాసుకుంటాడు. పాపం, ఆ మాటతో వెతికేవాళ్లు ఎవరుంటారు? వచ్చిన పని పేరు అక్కడ ఉండాలి.

ఇంకో చిక్కు ఊరి పేరుతో. ఉండేది ఆత్మకూరు అని రాస్తే హైదరాబాద్ అని వెతికేవాళ్లకి కనపడకపోవచ్చు. అలాగని అబద్ధం రాయక్కర్లేదు. ఏయే నగరాల్లో పనిచేయడానికి సిద్ధమో చెప్పే ఏర్పాటు 'ఓపెన్ టు వర్క్'లోనే ఉంది. ఆ సంగతి కంపెనీలవాళ్లకి మాత్రమే తెలిసేలా కూడా పెట్టుకోవచ్చు.

ప్రోగ్రామింగ్ తెలిసిన పిల్లల్ని గిట్‌హబ్‌లోనూ చూస్తారు. రాసిన కోడ్‌ని నలుగురికీ కనపడేలా దాచుకునే చోటది. ఏ మార్పు ఏ రోజు చేశారో తేదీతో సహా తెలుస్తుంది. ఫైనలియర్ ప్రాజెక్టుని రెడీమేడ్‌గా కొనుక్కొచ్చి మొత్తం ఒకే సాయంత్రం ఎక్కించారనుకోండి... చూసేవాళ్లకి ఇట్టే అర్థమైపోతుంది. చేయని ఉద్యోగానికి అనుభవం పత్రం సంపాదించినా అంతే. కంపెనీ పీఎఫ్ ఖాతా అడిగితే గుట్టు రట్టవుతుంది. ఈ దొంగ అనుభవం జబ్బు మన తెలుగువాళ్లలోనూ ఉందని ఒప్పుకోక తప్పదు.

వీటన్నిటికన్నా బలమైనది రిఫరల్. 'మావాడు మంచోడు, నాదీ పూచీ' అని పెద్దమనిషి చెప్పే మాటకి ఆఫీసు పేరు. తెచ్చిన మనిషి కుదిరితే, చెప్పిన ఉద్యోగికి చాలా కంపెనీలు బోనస్ కూడా ఇస్తాయి. కాలేజీ సీనియర్‌ని లింక్డిన్‌లో వెతికి పట్టుకోవడం ఆత్మకూరు నుంచైనా, ఉదయగిరి నుంచైనా నిమిషాల పని. అడగడంలోనే ఉంది తేడా. 'సర్, ఏదైనా జాబ్ ఉంటే చూడండి' అంటే సమాధానం రాదు. ఫలానా నంబరు ఉద్యోగం మీ కంపెనీ వెబ్‌సైట్లో ఉంది, అందులో అడిగినవాటిలో నాకు ఇవి వచ్చు, రెజ్యూమె జత చేశాను అని నాలుగు ముక్కలు రాస్తే చదువుతారు.

అదే దారిలో దొంగలు

ఇల్లు కదలకుండానే ఉద్యోగం వెతికే వీలొచ్చింది సరే. అదే దారిలో మోసగాళ్లూ ఇంట్లోకి వస్తున్నారు. ముందు వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో తియ్యటి పలకరింపు. పది నిమిషాల ఇంటర్వ్యూ, సాయంత్రానికి ఆఫర్ లెటర్. ఆ వెంటనే రిజిస్ట్రేషన్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్ అంటూ వసూళ్లు. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు కానీ డబ్బు అడగడు. ఈ ఒక్క ముక్క ఇంట్లో పెద్దవాళ్లు గుర్తుపెట్టుకున్నా చాలా ఇళ్లు నిలబడతాయి.

డబ్బుతో పోతే అదృష్టమే అనుకోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఐటీ నైపుణ్యం ఉన్న యువతను సోషల్ మీడియా ప్రకటనలతోనూ, దుబాయ్, భారత్‌లలోని ఏజెంట్ల ద్వారానూ థాయ్‌లాండ్ ఉద్యోగాల పేరిట మోసగిస్తున్నారని విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. పిల్లలు విన్నది డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగమని. కొందరు చేరింది మయన్మార్ సరిహద్దు డెన్లకి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసులోనూ అదే కథ. డేటా ఎంట్రీ పని అని నమ్మించి కంబోడియా తీసుకెళ్లారు. పాస్‌పోర్టులు లాక్కుని, మనవాళ్లకే ఫోన్లు చేసి మోసగించే పనిలో కూర్చోబెట్టారు. బాధితుల్లో మన తెలుగు పిల్లలు ఎందరో. 2025 మార్చిలో థాయ్‌లాండ్‌లోని మేసాట్ నుంచి వాయుసేన విమానాల్లో మొదట 283 మందిని, మర్నాడు 266 మందిని వెనక్కి తీసుకొచ్చారు.

తలచుకుంటేనే గుండె దడదడలాడుతుంది కదూ! అలాగని పిల్లల చేతిలో ఫోన్ లాక్కుంటే ఉన్న దారీ మూసినట్టవుతుంది. దానికి బదులు పక్కన కూర్చుని చూడండి. పిలిచిన కంపెనీ సొంత వెబ్‌సైట్లో ఆ ఉద్యోగం ఉందా? ఉత్తరం కంపెనీ పేరుతో ఉన్న మెయిల్ నుంచి వచ్చిందా, మామూలు జీమెయిల్ నుంచా? విదేశమైతే, ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో కనపడుతోందా? రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షలు అడిగాడంటేనే అనుమానించాలి. టూరిస్టు వీసా మీద వెళ్లమంటే అక్కడే ఆగాలి. డబ్బు కట్టేశాక మోసమని తెలిస్తే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేస్తే, ఆ సొమ్ము ఖాతాలు మారిపోకముందే ఆపే అవకాశం ఉంటుంది.