లినక్స్‌లో వైఫై రావట్లేదా?

మింగళ తౌంగ్‌న్యున్ గదుల్లో ఉండే మాకు ఇంటివాళ్లతో మాట్లాడాలంటే నెట్టే ఆధారం. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశాక వైఫై రాకపోతే మేము ముందు టెర్మినల్‌లో ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ కొట్టి చూస్తాం. ‘హార్డ్ బ్లాక్’ ఉంటే ల్యాప్‌టాప్ మీది వైఫై స్విచ్ ఆన్ చేయాలి. ‘సాఫ్ట్ బ్లాక్’ అయితే ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ కొడితే చాలు. జాబితాలో వైఫై ఊసే లేదంటే చాలాసార్లు డ్రైవర్ లేనట్టే. బ్రాడ్‌కామ్ చిప్‌లతో ఈ తంటా ఎక్కువ.

డ్రైవర్ దించుకోవాలన్నా నెట్టే కావాలి! ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టుకోవచ్చు. కానీ సైనిక తిరుగుబాటు తర్వాత 2021 మార్చి 15న ఇక్కడ మొబైల్ డేటా ఆపేశారు. ఏప్రిల్ 2న వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండూ పోయింది. అప్పట్లో ఫైబర్ లైన్లే మిగిలాయి. అందుకే నెట్ ఉన్నప్పుడే డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. రౌటర్ పక్కన ఒక ల్యాన్ కేబులూ ఉంచుకోండి.