కెరోలినా వరిమళ్లు

ఆంగ్లేయులు 1670లో దక్షిణ కెరోలినా తీరమున స్థిరపడినపుడు ఆ నేలలో ఏ పంట లాభించునో వారికే తెలియదు. ఆదివాసులతో జింకతోళ్ల వ్యాపారము చేయుచు కొంతకాలము గడపిరి. శతాబ్దము ముగియునప్పటికి వరి చేతికి చిక్కినది.

విత్తు చల్లి ఊరకుండిన వరి పండదని మనకు వేరుగా చెప్పనక్కరలేదు. చిత్తడి అడవులు నరకవలెను, గట్లు పోయవలెను, అదనెరిగి నీరు పెట్టి తీయవలెను. తోటల దొరలకు ఈ పని కొత్త. పశ్చిమాఫ్రికానుండి బానిసలుగా తేబడినవారిలో అనేకులకు పుట్టింటి విద్య. ఎవరి తెలివి ఎంత పాలని చరిత్రకారులలో వాదము కలదు గాని, చెమట ఎవరిదను విషయమున వాదము లేదు. 1708 నాటికే అచట నల్లవారి సంఖ్య తెల్లవారిని మించెను.

పండిన బియ్యమును 1705నుండి బ్రిటనుకో, దాని వలసలకో మాత్రమే పంపవలసియుండెను. 1730 నాటి చట్టము దక్షిణ ఐరోపా రేవులకు నేరుగా దారి విడిచినది. 1740 తరువాత ఎలైజా లూకస్ అను యువతి కృషితో నీలిమందు రెండవ పంటయైనది. 1748లో పార్లమెంటు దానికి ప్రోత్సాహధనము ప్రకటించెను.

ఇక పాలన. 1663లో రాజు ఎనిమిదిమంది ప్రభువులకు దానమిచ్చిన సీమ యిది. 1719లో వలసవారు ఆ ప్రభువుల అధికారమును త్రోసివేసిరి; 1729లో రాజు దానిని తిరిగి కొనెను. ప్రజాసభ యుండెను గాని, అందు చెల్లినది తోటల యజమానుల, వర్తకుల మాటయే. 1739 సెప్టెంబరులో స్టోనో నదియొద్ద బానిసలు తిరుగబడిరి. మరుసటి యేడు ఆ సభ శాసనము చేసెను: బానిసకు వ్రాత నేర్పినవారికి 100 పౌండ్ల జరిమానా.