ఖురానునందలి ‘మార్పులేని మాట’: అర్థవిచారము

దైవవాక్కును మార్చగలవాడు లేడను భావము ఖురానునందు పలుతావుల కానవచ్చును. ఆ వాక్కు గ్రంథపాఠమా, దైవసంకల్పమా యను ప్రశ్న అనువాదకునకు తప్పనిది. జంటనగరములకు ఈ చర్చ కొత్త కాదు. 1925 నుండి 1935 వరకు నిజాము కొలువులో నుండిన మార్మడ్యూక్ పిక్తాల్ 1930లో తన ఆంగ్లానువాదమును ప్రకటించుచు, ఖురాను అనువాదమునకు లొంగదను తలంపుతో దానికి ఖురాను ‘అర్థము’ అనియే పేరిడెను. తెలుగున చిలుకూరి నారాయణరావుగారు ఖురానును అనువదించిరి. అరబీ పారాయణము, ఉర్దూ వ్యాఖ్యానము, తెలుగు సంభాషణము ఒక్కచోట వినవచ్చు సికింద్రాబాదున ఇది కేవలము పండితుల ప్రశ్న కాదు.

మూలపదము ‘కలిమాత్’, ఇది ‘కలిమ’కు బహువచనము. సందర్భములను పరిశీలింతము. 6వ అధ్యాయము 34వ ఆయతున, తిరస్కృతులైన పూర్వప్రవక్తలు ఓర్పు వహింపగా దైవసహాయము లభించెనను ప్రసంగమున ఈ భావము వచ్చినది. 10వ అధ్యాయము 64వ ఆయతున ఇహపరములందలి శుభవార్తతో ముడిపడినది. ఈ రెండుచోట్లను వాగ్దానమను అర్థమే పొసగును. 18వ అధ్యాయము 27వ ఆయతున గ్రంథమును పఠింపుమను ఆదేశము వెంట వచ్చుటచే పాఠమను అర్థమునకును చోటు కలదు.

ఇచట నొక ఆక్షేపణము. 16వ అధ్యాయము 101వ ఆయతున దేవుడే ఒక ఆయతునకు మారుగా వేరొకదానిని నిలుపునని కలదు, క్రియాధాతువును అదియే. ఇది విరోధము కాదని మా యభిప్రాయము. అచట మారునది ‘ఆయత్’, ‘కలిమ’ కాదు, మార్చువాడు దేవుడే. నిషేధింపబడినది అన్యులు చేయు మార్పు.

మరి 4వ అధ్యాయము 46వ ఆయతున, కొందరు మాటలను వాని స్థానముల నుండి తొలగింతురను నింద కలదు. అది అక్షరములను మార్చుటయా, అర్థమును వక్రించుటయా యని వ్యాఖ్యాతలలో భేదము కలదు. ‘మార్పులేని వాక్కు’ను పాఠమునకే పరిమితము చేసినచో, పూర్వగ్రంథములు చెడలేదని యొకరు, ఈ రక్షణ ఖురానునకే యని మరియొకరు అదే ఆయతును ఆయుధముగా గైకొందురు. సందర్భమును చూచినవారికి ఈ వాదము చాలవరకు అనావశ్యకము.

కావున అనువాదమున ‘వచనము’ అన్నచో పాఠము మాత్రమే, ‘వాగ్దానము’ అన్నచో సంకల్పము మాత్రమే మిగులును. తెలుగు ‘మాట’ రెండింటిని భరించును: మాట పలుకుదుము, మాట యిత్తుము, మాట నిలుపుకొందుము. మూలమునందలి అర్థవిస్తృతి చెడకుండ అనువాదమున ‘మాట’నే నిలిపి, ఏ తావున ఏ యర్థము ప్రధానమో వ్యాఖ్యానమున వివరించుట యుక్తమని మేము తలంతుము.