‘సెమాఫోర్’ పదం - అర్థపరిణామం: రామగుండం, గోదావరిఖని నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

రామగుండం రైల్వేస్టేషనులో “సిగ్నల్ పడింది” అంటే రైలు కదలవచ్చునని అర్థం. గోదావరిఖని చౌరస్తాలో “సిగ్నల్ పడింది” అంటే బండి ఆపాలని అర్థం. కర్త ఒకటే, క్రియ ఒకటే. ఫలితం మాత్రం విరుద్ధం. ఈ వైరుధ్యానికి మూలం సెమాఫోర్ అనే యంత్రంలో ఉంది. ఆ యంత్రం పేరు తెలుగు జనవ్యవహారంలో స్థిరపడలేదు. దాని కదలిక మాత్రం తెలుగు క్రియలో నిలిచిపోయింది. కంప్యూటర్ శాస్త్రం ద్వారా అదే పదం నేడు కళాశాల తరగతిగదికి చేరింది. దానిని తెలుగులో ఎలా చెప్పాలో నిర్ణయించడానికి ముందు అది మోసుకువచ్చిన అర్థాలను పరిశీలించవలసి ఉంది.

2. వ్యుత్పత్తి, తొలి ప్రయోగాలు

గ్రీకులో ‘సేమా’ అంటే గుర్తు, ‘ఫోరోస్’ అంటే మోసేది. ఫోరోస్‌కు మూలమైన ధాతువు సంస్కృతంలోని ‘భృ’ ధాతువుకు సజాతీయం. భారం, భరణం వంటి మాటలతోపాటు కూలికి పర్యాయమైన ‘భృతి’ కూడా ఈ ధాతువు నుండే వచ్చింది. కార్మికప్రాంతానికి ఇది యాదృచ్ఛికంగా తగిన బంధుత్వమే.

క్లాడ్ షాప్ రూపొందించిన దృశ్య టెలిగ్రాఫు 1794లో పారిస్, లీల్ నగరాలను కలిపింది. గోపురాలపై అమర్చిన కొయ్యచేతుల భంగిమలను దూరదర్శినితో చూసి తరువాతి గోపురానికి అందించేవారు. సెమాఫోర్ అనే పేరు 19వ శతాబ్దారంభంలో ఫ్రెంచి తీరప్రాంత సంకేతవ్యవస్థతో వ్యాప్తిలోకి వచ్చింది. నావికుల జెండాభాష, 1840లలో ఇంగ్లండులో మొదలైన రైల్వే చేతిసంకేతం ఆ తరువాతివి. స్పానిష్, ఇటాలియన్ భాషలలో ఈ పదమే వీధి కూడలి దీపానికి పేరైంది. తమిళంలో చేతిని చూపేది అనే అర్థంలో ‘కైకాట్టి’ ఏర్పడింది. తెలుగులో ‘సిగ్నల్’ అనే ఒక్క మాటే వీటన్నిటినీ కప్పివేసింది. అందువల్ల అర్థభేదాన్ని చూపే బాధ్యత నామవాచకం నుండి క్రియకు మారింది.

3. ‘పడటం’ అనే క్రియ

కాజీపేట - బల్లార్షా మార్గం 1929లో పూర్తయి దక్షిణాదిని ఢిల్లీతో నేరుగా కలిపింది. రామగుండం ఆ మార్గంలోనిదే. పాతరకం సెమాఫోర్‌లో చెయ్యి అడ్డంగా ఉంటే ఆగాలి. కిందికి వాలితే వెళ్లాలి. ‘సిగ్నల్ పడటం’ అంటే ఆ చెయ్యి వాలడమే. మరొక రకంలో చెయ్యి పైకి లేస్తే దారి ఉన్నట్లు, అడ్డంగా పడితే లేనట్లు. తీగ తెగినా చెయ్యి దానంతట అదే ‘ఆగు’ స్థితికి చేరాలన్నది రెండింటికీ సమానమైన సూత్రం. రెండవ రకంలో చేతి బరువే ఆ పని చేస్తుంది. మొదటి రకంలో అందుకోసం ఎదురుబరువు అవసరం.

చేతుల స్థానంలో రంగుదీపాలు వచ్చాక వాలేది ఏమీ లేదు. అయినా క్రియ మిగిలింది. వీధి కూడలిలో అదే క్రియ దీపం వెలగడానికి అన్వయించింది. ఎర్రదీపమూ పడుతుంది, పచ్చదీపమూ పడుతుంది. విశేషణం లేనప్పుడు మాత్రం ఎరుపే స్ఫురిస్తుంది. రైలుకు ఆగడం సహజస్థితి, అనుమతి విశేషం. వీధిలో కదలడం సహజస్థితి, అడ్డంకి విశేషం. రెండుచోట్లా ‘పడింది’ అనే క్రియ విశేషస్థితినే సూచిస్తున్నదని భావించడం సమంజసం.

జెండాల విషయంలోనూ క్రియే నిర్ణాయకం. ఎర్రజెండా ‘చూపితే’ ప్రమాదం, ‘ఎగరవేస్తే’ కార్మికసంఘం. బొగ్గుగనుల ప్రాంతంలో ఈ రెండర్థాలూ నిత్యవ్యవహారమే. పచ్చజెండా ‘ఊపడం’ పత్రికాభాషలో ఆమోదానికి పర్యాయమైంది.

4. చీకటిలో సంకేతం

భూగర్భగనిలో సెమాఫోర్ చెయ్యి కనిపించదు. సింగరేణి గనుల ఇంక్లైన్‌లలో తాడుతో టబ్బులను లాగే హాలేజీ వద్ద సంకేతం శబ్దరూపం దాల్చింది. తాడు కదులుతున్నప్పుడు ఒక గంట మోగితే ఆపాలి. తాడు నిలిచి ఉన్నప్పుడు అదే గంటకు ఆ అర్థం ఉండే అవకాశమే లేదు. సంకేతార్థం శబ్దంలో మాత్రమే కాక యంత్రపు అప్పటి స్థితిలో కూడా ఉంటుందనడానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ దొరకదు. గంటల సంఖ్య పొరపాటైతే వాలులో టబ్బుల మధ్య ఉన్న మనిషి ప్రాణం పోతుంది. సంకేతపట్టికను గంట కొట్టేచోటా, యంత్రం నడిపేచోటా కనబడేలా ఉంచడం ఇందుకే.

సంకేతాన్ని మోసే సాధనమే ముప్పు కావచ్చు. 1913లో వేల్స్‌లోని సెంగెనిద్ గనిలో 439 మంది కార్మికులను బలిగొన్న పేలుడుకు విద్యుత్ గంటల తీగల నిప్పురవ్వ ఒక కారణమై ఉండవచ్చని అనుమానించారు. వాయువున్న గనులలో గంట తీగలోని విద్యుత్తు మీథేన్‌ను అంటించలేనంత బలహీనంగా ఉండాలన్న నియమం వెనుక ఈ అనుభవం ఉంది.

5. కంప్యూటర్ శాస్త్రంలో పునర్జన్మ

డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1960లలో ఈ రైల్వే పదాన్ని కంప్యూటర్ ప్రోగ్రాములకు తీసుకువచ్చాడు. ఇక్కడ సెమాఫోర్ అంటే సున్నాకు తగ్గని ఒక పూర్ణసంఖ్య. ‘పి’ క్రియ దానినుండి ఒకటి తగ్గిస్తుంది. అప్పటికే సున్నా ఉంటే ఆ ప్రక్రియ వేచి ఉండాలి. ‘వి’ క్రియ ఒకటి కలుపుతుంది. వేచి ఉన్నవాటిలో ఒకదానికి దారి దొరుకుతుంది.

దీనిని బోధించేటప్పుడు ఒంటిలైను రైలుమార్గపు టోకెన్‌ను ఉదాహరణగా చూపడం సులభం. ఇనుపగోళం చేతికి అందనిదే డ్రైవరు ఆ లైనులో ప్రవేశించకూడదు. కాని ఈ ఉదాహరణ పూర్తిగా సరిపోదు. టోకెన్ దానిని పొందిన డ్రైవరు వద్దనే ఉంటుంది. అతడే దానిని అవతలి స్టేషనులో అప్పగించాలి. ఆధునిక పరిభాషలో అది ‘మ్యూటెక్స్’కు దగ్గర. సెమాఫోర్ చెయ్యి డ్రైవరుది కాదు. దానిని కదిలించేవాడు వేరొకడు. కంప్యూటరులోనూ ఒక ప్రక్రియ వేచి ఉంటే మరొక ప్రక్రియ ‘వి’ జరిపి దానిని విడిపించవచ్చు. పేరు రైల్వే చేతినుండి రావడం ఈ కారణంగా సార్థకం.

6. పారిభాషిక సమస్య

వ్యుత్పత్తిని అనుసరించి ‘సంకేతవాహకం’ అని అనువదిస్తే గ్రీకు మాటకు న్యాయం జరుగుతుంది, విద్యార్థికి జరగదు. అతడు దానిని వార్త చేరవేసే సాధనంగా పొరబడతాడు. కంప్యూటరులోని సెమాఫోర్ ప్రధానంగా వార్త మోయదు. ఎన్ని అనుమతులు మిగిలాయో లెక్క ఉంచుతుంది. కాబట్టి పదాన్ని ‘సెమాఫోర్’గానే ఉంచి, నిర్వచనంలో ‘అనుమతుల లెక్క’ అని వివరించడం మేలు. ‘పి’, ‘వి’ క్రియలకు మాత్రం తెలుగు మాటలు కొత్తగా వెదకనక్కరలేదు. లైను కోసం ఆగిన రైలు గురించి “సిగ్నల్ పడలేదు”, “సిగ్నల్ ఇచ్చారు” అని చెప్పుకునే రామగుండం విద్యార్థికి నిరీక్షణ, విడుదల అనే రెండు భావాలూ ముందే తెలుసు.