నెలనెలా ఇనుము లెక్క

రక్తం తక్కువగా ఉందనగానే మన ఇళ్లలో ముందు బీట్‌రూట్ వస్తుంది, వెనకే దానిమ్మ. ఎర్రగా ఉన్నవి తింటే రక్తం పడుతుందని నమ్మకం. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఆ ఎరుపు బీటానిన్ అనే రంగు పదార్థానిది. ఇష్టమైతే తినండి గానీ, రక్తం సంగతి దానికి వదిలేయకండి.

ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. మామూలు నెలసరిలో 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. అంటే 15 నుంచి 20 మిల్లీగ్రాముల ఇనుము. రాలిపోయే చర్మం, పేగు కణాలతో అందరికీ రోజూ పోయే ఒక మిల్లీగ్రాముకు ఇది అదనం. తిన్నదాంట్లోంచి పేగు తీసుకునేదేమో రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. మన అన్నం, పప్పు, కూరల్లోని ఇనుములో ఎక్కువ భాగం ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. అందుకే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో మగవారికి రోజుకు 19 మిల్లీగ్రాములు చాలంటూ, ఆడవారికి 29 కావాలని చెప్పింది. నెలసరిలో 80 మిల్లీలీటర్లకు పైగా పోయేవారికి ఏ తోటకూరా, ఏ మునగాకూ ఒంటరిగా ఈ లోటు పూడ్చలేవు.

ఈ లోటు చాలాకాలం బయటపడదు. నెలనెలా జీతం పడుతూనే ఉన్నా పొదుపు కరిగిపోయినట్టు, ముందు కాలేయంలో, ఎముక మజ్జలో ఫెరిటిన్ రూపంలో దాచుకున్న ఇనుము ఖర్చవుతుంది. హీమోగ్లోబిన్ పడిపోయేది చివర్లో. కాబట్టి ‘12 గ్రాములుంది, నార్మలే’ అని రిపోర్టు వచ్చిన అమ్మాయికీ ఆయాసం, నీరసం, జుట్టు రాలడం ఉండొచ్చు. ఫెరిటిన్ 15 కన్నా తక్కువుంటే ఇనుము లోపమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 30 లోపున్నా చాలామంది డాక్టర్లు చికిత్స మొదలుపెడతారు. బలపాలు కొరికే పిల్లనూ, పచ్చి బియ్యం నమిలే కోడలినీ కోప్పడేవారే గానీ, ఆ యావ ఇనుము లోపం వల్ల కావచ్చని అనుమానించేవారు తక్కువ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవారిలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మాత్రలు అందుబాటులో లేక కాదు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. వికారం, మలబద్ధకం, విరేచనం నల్లగా రావడం చూసి చాలామంది మానేస్తారు. ఆ నలుపు వల్ల ప్రమాదమేమీ లేదు. వికారంగా ఉంటే కాస్త తిన్నాక వేసుకోవచ్చు.

మాత్ర వేసుకోగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. పేగు కణాల్లోంచి ఇనుము రక్తంలోకి వెళ్లే దారిని అది మూసేస్తుంది, దాదాపు ఒక రోజు పాటు. మర్నాడు వేసుకున్న మాత్రలోంచి ఒంటికి పట్టేది తగ్గుతుంది. స్విట్జర్లాండ్‌లో ఇనుము లోపం ఉన్న యువతుల మీద జరిపి 2017లో ప్రచురించిన పరిశోధనలో, రోజూ వేసుకున్నవారికి మాత్రలోని ఇనుములో 16 శాతం పడితే, రోజు విడిచి రోజు వేసుకున్నవారికి దాదాపు 22 శాతం పట్టింది. గర్భిణులు, రక్తం బాగా తక్కువున్నవారు మాత్రం డాక్టరు చెప్పినట్టే వేసుకోవాలి. నిమ్మరసంతో వేసుకుంటే మంచిదే. టీ, కాఫీ, పాలకు ముందూ వెనకా గంటైనా ఎడం ఉండాలి. గ్రాములు పెరిగాక కూడా నిల్వలు నిండేందుకు ఇంకో మూడు నెలలు వాడాలి.

రక్తం ఎందుకంత పోతోందో చూడకపోతే మాత్రలు ఎన్ని మింగినా చాలవు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి రావడం, పది రూపాయల నాణెమంత గడ్డలు పడటం, ఏడు రోజులు దాటడం మామూలు విషయాలు కావు. గర్భాశయంలో గడ్డలు, థైరాయిడ్ లోపం, కాపర్-టీ, ఏదైనా కారణం కావచ్చు. ‘మా అమ్మకూ అంతే, అక్కకూ అంతే’ అన్నప్పుడు డాక్టరు మరింత శ్రద్ధగా వినాలి. రక్తం గడ్డకట్టడంలో తేడా ఉండే వాన్ విల్లిబ్రాండ్ వ్యాధి వంశంలో వచ్చేదే. రక్తస్రావం తగ్గించడానికి ట్రనెక్సామిక్ యాసిడ్ మాత్రలు, హార్మోను విడుదల చేసే లూప్ ఉన్నాయి.

మూడు నెలలు సరిగ్గా వేసుకున్నా గ్రాములు కదలకపోతే, తలసీమియా లక్షణం ఉందేమో రక్తపరీక్షతో తేల్చుకోవాలి. ఫెరిటిన్ నిండుగా ఉండి రక్తకణాలు మాత్రం చిన్నగా ఉంటే, మరో మూడు నెలలకు అవే ఐరన్ మాత్రలు రాయించుకోవడంలో అర్థం లేదు.