దుబాయ్ పోవడానికి ఎక్కువసేపు, రావడానికి తక్కువసేపు... ఎందుకు?

నారాయణరావుపేట నుంచి దుబాయ్ వెళ్లే బాబాయిని సాగనంపడానికి శంషాబాద్ దాకా వెళ్లారనుకోండి. ఆయన టికెట్ అడిగి చూడండి. పోయే విమానం ఉదయం 10కి లేచి 12:30కి దిగుతుందనుకుందాం. తిరుగు విమానం 10కి లేస్తే దిగేది మధ్యాహ్నం 3కి! దూరం మాత్రం ఎటైనా దాదాపు 2,550 కిలోమీటర్లే.

ముందు గడియారం సంగతి. దుబాయ్ సమయం మనకంటే గంటన్నర వెనక. ఆ తేడా సరిచేస్తే పోవడానికి 4 గంటలు, రావడానికి మూడున్నర. మరి ఆ అరగంట ఎక్కడ పోయింది?

అది గాలి పని. చెరువు కట్ట మీద ఎదురుగాలిలో సైకిల్ తొక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు. 10, 11 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం సాగుతుంటుంది. పేరు జెట్ స్ట్రీమ్. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి ఉత్తరానికి జరుగుతూ, భూమి తిరుగుతున్నందువల్ల తూర్పుకు మళ్లుతుంది. గంటకు 850 కిలోమీటర్లు పోయే విమానానికి 100 కిలోమీటర్ల గాలి ఎదురైతే, నేల లెక్కన వేగం 750. అదే గాలి వెనక నుంచి తోస్తే 950!

చలికాలంలో ఈ గాలి ఉత్తర భారతం మీదుగా జోరుగా వీస్తుంది. వానాకాలానికి హిమాలయాల అవతలికి జరిగిపోతుంది. అప్పుడు రాకపోకల సమయాల్లో తేడా బాగా తగ్గుతుంది.